సింగన్న మోసుకొచ్చిన ఏడు బస్తాలు

నల్లగుట్ట అడవిలో పిల్లలకు ఒక బడి ఉండేది. ఏనుగు భద్రమ్మ టీచరు దాన్ని నడిపేది. నాలుగో తరగతి లీడరు నక్క సింగన్న. రెండేళ్ళుగా బడి గంట కొట్టే పని వాడిదే. గంట కొట్టడమంటే మాటలా? వాడు కొడితేనే కుందేళ్ళు అన్నం మూటలు విప్పాలి, వాడు కొడితేనే లేళ్ళు ఆటకు పరిగెత్తాలి. గంట మోగించి, అందరూ తనను చూశారో లేదో చుట్టూ ఒకసారి చూసుకునేవాడు.

ఆ గంట తాడు పంది పొట్టెమ్మకు పోయింది.

జరిగిందేమిటంటే, గుట్ట కింద రోడ్డు పక్కన బస్సులాపి తినేవాళ్ళు కవర్లు పారేసేవారు. పిల్లలు వాటిని ఏరుకుని అన్నం కట్టుకొచ్చేవారు. తిన్నాక ఎక్కడివక్కడే పడేసేవారు. ఒకరోజు దుప్పి పిల్ల పులిహోర వాసనకు ఆశపడి కవరుతో సహా మింగేసింది. పది రోజులు మేత ముట్టలేదు. బతుకుతుందని ఎవరూ అనుకోలేదు. అది లేచి నిలబడిన రోజే టీచరు మైదానం చివర గొయ్యి తవ్వించి, తరగతికో వెదురుబుట్ట ఇచ్చింది. తొక్కలూ మెతుకులూ గోతిలోకి, కవర్లూ సీసాలూ కాగితాలూ బుట్టలోకి పోవాలి. మూడో తరగతి పొట్టెమ్మ ఒక్కసారి ముక్కు ఆనించి ఏది ఎందులో పడాలో చెప్పేసేది. చిన్నపిల్లలను వెంటబెట్టుకుని తిప్పి నేర్పేది కూడా. వారం తిరక్కుండానే టీచరు గంట పని ఆ పిల్లకు అప్పగించింది.

ఆ పూట సింగన్నకు ముద్ద దిగలేదు. పొద్దస్తమానం బురదలో పొర్లేదానికి శుభ్రం గురించి ఏం తెలుసని కనిపించినవాళ్ళందరితో అన్నాడు. ఎవరూ వంత పాడలేదు. గంట మోగినప్పుడల్లా చెవులు మూసుకునేవాడు. పొట్టెమ్మ సరిగ్గా కొట్టినా మండేది, కాస్త ఆలస్యంగా కొట్టినా మండేది.

సోమవారం ప్రార్థన దగ్గర టీచరు, నెలాఖరున తరగతుల బుట్టలు తూకం వేస్తాననీ, దాన్నిబట్టి గంట ఏ తరగతికి దక్కుతుందో తేలుస్తాననీ చెప్పింది. ఆ తర్వాత ఇంకా ఏదో చెప్పింది కానీ సింగన్న చెవికెక్కలేదు. ముందు వరసలో నిలబడ్డ పొట్టెమ్మ మెడలో ఎవరో కట్టిన అడవిమల్లె దండ మీదే ఉన్నాయి వాడి కళ్ళు.

ఆ రోజు నుంచి వాడికి పక్క తరగతి బుట్టలోకి తొంగిచూడటమే పని. చూసినకొద్దీ ఉత్సాహం పెరిగింది. పొట్టెమ్మ తరగతి పిల్లలు మోదుగాకుల్లో అన్నం తెస్తున్నారు. ఎండిన సొరకాయ బుర్రల్లో నీళ్ళు తెస్తున్నారు. కాగితం రెండు వైపులా నిండితే గానీ వదలడం లేదు. ఇక ఆ బుట్టలో పడేదేముంది? పిచ్చిమొద్దు, చేతులారా ఓడిపోతోందని సింగన్న లోలోపల నవ్వుకున్నాడు.

తన తరగతి కాకిని అడిగితే, ఊరి బయట చెత్త గుట్టలుగా పడి ఉంటుందని చెప్పింది. సింగన్న నాలుగు రోజులకోసారి తెల్లవారుజామున పోయి బస్తా నింపుకుని ఈడ్చుకొచ్చేవాడు. సీసా పెంకు గుచ్చుకుని కాలు చీరుకుంది. కుంటుతూనే పోయాడు. నెల తిరిగేసరికి ఏడు బస్తాలు బడి వెనక పొదల్లో చేరాయి.

తూకం రోజు వచ్చింది. మూడో తరగతి బుట్టలో రెండు కవర్లు, ఒక విరిగిన పెన్ను ఉన్నాయి. సింగన్న ఏడు బస్తాలూ టీచరు ముందు దొర్లించి, పొట్టెమ్మ వైపు ఓరగా చూశాడు.

"ఇదంతా మీ తరగతిదేనా నాయనా?" టీచరు నిదానంగా అడిగింది.

"అంతా మాదే టీచరుగారూ. ఒక్క ముక్క బయట పడనివ్వలేదు."

"బాగా ఆలోచించుకుని చెప్పు."

"ఒట్టు టీచరుగారూ. ప్రతి ముక్కా మా వాళ్ళదే."

టీచరు తొండం చివరతో నుదురు రుద్దుకుంది. "ఎవరి బుట్ట తేలిగ్గా ఉంటే గంట వాళ్ళదని కదా నేను చెప్పింది. తక్కువ పారేసినవాళ్ళే గెలిచినట్టు. నెల రోజుల్లో ఏడు బస్తాలు పారేశారా మీరు?"

నాలుగో తరగతి పిల్లలు తాము అంత పారేయలేదని గొల్లుమన్నారు. పొట్టెమ్మ ఒక బస్తా దగ్గరకొచ్చి వాసన చూసింది.

"ఇందులో చేపల బజారు వాసన ఉంది టీచరుగారూ," అంది మెల్లిగా. "మన బడికి చేపలు ఎవరూ తేరు."

ఊరి నుంచి తెచ్చానంటే దొంగాట బయటపడుతుంది. మాదేనంటే తరగతి మొత్తానికీ తలవంపులు. సింగన్న గబగబా ఆ బస్తా మూతి బిగించి కట్టబోయాడు. టీచరు కేకలేయలేదు. ఈ చెత్తను బడిలోకి తెచ్చింది ఎవరైతే వాళ్ళే వేరుచేసి, కుళ్ళింది గోతిలో వేసి, మిగతాది పాత సామాన్ల బండి వచ్చే చోటికి మోసుకుపోవాలంది. గంట మూడో తరగతిదేనని తేల్చేసింది.

ఏడు బస్తాలకు తొమ్మిది రోజులు పట్టింది. ఈగలు ముసురుతుంటే, కాలి గాయం సలుపుతుంటే మొదట వాడొక్కడే కూర్చుని ఏరాడు. మూడో రోజు పొట్టెమ్మ వచ్చి పక్కన కూర్చుంది. పెంకులను ముందు ఏరేస్తే కాళ్ళు తెగవని చెప్పి, తనూ ఒక బస్తా ముందుకు లాక్కుంది. సాయం చేస్తున్నందుకు కూడా సింగన్నకు ఒళ్ళు మండింది. కానీ వద్దనలేదు. ఎనిమిదో రోజున మాత్రం, తల ఎత్తకుండానే, జిగురు అంటిన ఒక డబ్బాను ఆమె వైపు జరిపి, ఇది ఎందులో వేయాలని అడిగాడు.

పక్కవాడి బుట్ట మీదే చూపు పెట్టినవాడు, తన బుట్టలో ఏం నింపుకుంటున్నాడో చూసుకోడు.