తీతువు నోరు మూయించిన అడవి

అనగనగా ఒక అడవిలో, వాగు ఒడ్డున, ఒక చుక్కల జింక తన పిల్లతో ఉండేది. ఆ పక్కనే గులకరాళ్ల మధ్య ఒక తీతువు పిట్ట గుడ్లు పెట్టుకుంది. నేల మీద గుడ్లు కదా, పాపం దానికి కంటి మీద కునుకు ఉండేది కాదు. పొదల్లో చిరుతపులి మెదిలితే చాలు, గొంతు చించుకుని అరిచేది. ఆ అరుపు విని జంతువులన్నీ పరుగో పరుగు!

ప్రాణాలు దక్కాయి కదా, ఆ పిట్టకు దండం పెట్టుకోవాలి. మరి వాటి బుర్రలు ఎలా పనిచేశాయో చూడండి పిల్లలూ.

"ఇది కూసినప్పుడల్లా చిరుత వస్తోంది" అంది కోతి.

"ఇది కూయబట్టే వస్తోంది" అంది అడవిపంది.

"పాడు నోరు! ఆ నోరు మూయిస్తే మన పీడ విరగడవుతుంది" అంది కుందేలు.

తీతువు జింక వైపు తిరిగింది. "జింకక్కా, మొన్న చిరుత పొదలో నక్కడం నువ్వు కళ్లారా చూశావు. నేను అరిచింది ఆ తర్వాతే. ఆ ఒక్క మాట చెప్పక్కా!"

జింక అందరి మొహాలూ చూసింది. వీళ్లందరితో నాకెందుకు తగవు అనుకుంది.

"నాకేం తెలీదమ్మా" అని తల దించుకుని గడ్డి మేసింది.

అంతే, అడవిపంది గుడ్లన్నీ తొక్కేసింది. తీతువు గొల్లుమంది. కుందేలుకు కాస్త జాలేసి, "పోనీలే, గుడ్లేగా! మళ్లీ పెట్టుకో. నష్టం అంతటితో సరి" అంది.

తీతువు మళ్లీ గుడ్లు పెట్టింది. కానీ కూయడం మానేసింది. అడవి ఎంత హాయిగా ఉందో అని అందరూ సంబరపడ్డారు.

ఒక సాయంత్రం జింకపిల్ల వాగులో నీళ్లు తాగుతోంది. ఏదో చప్పుడైంది. జింక తిరిగి చూసేసరికి చిరుత జింకపిల్లను నోట కరుచుకుని పోతోంది.

జింక ఏడుస్తూ తీతువు దగ్గరికి పరిగెత్తింది. "చిరుతను చూశావా?"

"చూశానక్కా."

"మరి అరవలేదేం? నీ నోరు పడిపోయిందా!"

"నోరు తెరిచాను. మళ్లీ నా గుడ్లు తొక్కుతారేమోనని గొంతు పెగల్లేదు."

జింకకు దాన్ని తిట్టడానికి కూడా మొహం చెల్లలేదు. తిన్నగా అందరి దగ్గరికీ పోయింది. "తీతువు మనల్ని కాపాడేది. నాకు తెలిసీ ఆనాడు చెప్పలేదు. నా బిడ్డను నేనే చంపుకున్నాను!" అని గుండెలు పగిలేలా ఏడ్చింది.

"అయ్యో, బిడ్డ పోయి దీనికి మతి చలించింది" అంది కోతి.

"చూశారా, కూయకపోయినా ఆ పిట్ట పీడ మనల్ని వదల్లేదు!" అంటూ అడవిపంది గులకరాళ్ల వైపు బయలుదేరింది. మిగతావన్నీ దాని వెంట నడిచాయి. "ఆగండి, ఆగండి" అని జింక వెనక నుంచి అరుస్తూనే ఉంది. ఒక్కరూ వెనక్కి తిరిగి చూడలేదు.

నీతి: కంటికి కనిపించేదే నష్టం అనుకోకండి. భయంతో మూగబోయిన గొంతు అంతకన్నా పెద్ద నష్టం. నిజం చెప్పాల్సినప్పుడు ఊరుకున్నవాళ్లు తర్వాత ఎంత ఏడ్చినా అది తీరదు.