ఉప్పు సూడు బేటా

"నాలిక మీద పెట్టినవా? నిజం చెప్పు. పెట్టకుండనే బాగుందన్నవా?"

బార్కస్ గల్లీలో అందరూ ఖాలా, అంటే పిన్ని, అని పిలిచే జమీలా ఇంటి వాకిట్లో ఆమె కోడలు నౌషీన్ అరుస్తోంది. ఎదురుగా నిలబడ్డవాడు ముకుందం. హైదరాబాదులో జనాన్ని రోజుకో పేటలో నడిపించి అక్కడి తిండి తినిపించే గైడు. ఏ వంటనైనా నోట్లో పెట్టకముందే 'అదిరింది' అనేసే అలవాటున్నవాడు. అతని వెనకాల టూరుకొచ్చిన తొమ్మిదిమంది చెంచాలు పట్టుకుని బిక్కమొహాలేసుకుని ఉన్నారు.

జరిగిందిది. బార్కస్‌లో అరబ్బు కుటుంబాలు ఎక్కువ. వాళ్ల వంట హరీస్. గోధుమలూ మటనూ గంటల తరబడి ఉడికించి, కర్రతో మెత్తగా మెదుపుతారు. రంజాన్ నెలంతా ముకుందం టూరు అక్కడే. ఖాలా ఇంట్లో అందరూ రోజా, అంటే పగలంతా ఉపవాసం, ఉండేవాళ్లు. వండే ఖాలా కూడా చుక్క నాలిక మీద వేసుకునేది కాదు. అందుకే, ఎంతమంది వస్తున్నారో చెప్పడానికి ముకుందం మూడింటికి రాగానే ఒక చెంచాడు చేతికిచ్చి, "ఉప్పు సూడు బేటా" అనేది.

మొదటి వారం చూశాడు. తర్వాత విసుగొచ్చింది. చెంచా గట్టు మీద పెట్టేసి, ఫోన్ నొక్కుకుంటూ, "అదిరింది ఖాలా!" అనేవాడు. ఖాలా మొహం వెలిగిపోయేది. ఏ రోజూ ఏమీ కాలేదు.

ఆ రోజు ఖాలా భర్త పోయి ఏడాది. ఆయన పేరు మీద మసీదులో నలభైమందికి ఇఫ్తార్ విందు. పెద్ద డేగిసా పొయ్యెక్కింది. పొద్దున నౌషీన్ ఉప్పేసింది. అది తెలియక మధ్యాహ్నం ఖాలా మళ్లీ వేసింది.

"ఉప్పు సూడు బేటా. ఇయ్యాల మా ఆయన పేరు మీద పోతది."

"అదిరింది ఖాలా!"

చెంచా గట్టు మీదే ఉంది.

అయిదింటికి టూరువాళ్లు వచ్చారు. విజయనగరం టీచరమ్మ ఒకావిడ మొదటి చెంచా నోట్లో పెట్టుకుంది. "అమ్మో! సముద్రం బాబూ ఇది!"

అప్పుడు నౌషీన్ అడిగిన ప్రశ్నే పైన మీరు విన్నది.

"పెట్టలేదు," అన్నాడు ముకుందం.

"నలభైమంది ఈ ఉప్పుతోని రోజా ఇడుస్తరా? మా మామ పేరు మీద?"

"ఆగు నౌషీన్. రోజాలో కోపం వద్దు," అంది ఖాలా. ముకుందం వైపు తిరిగింది. "బేటా, ఈ నెలంతా మా నాలికలు కట్టేసుకుంటం. నీ నాలికని నమ్ముకున్నం. అంతే."

ఆ 'అంతే' తిట్టుకన్నా గట్టిగా తగిలింది.

పొద్దుగూకడానికి ఇంకా గంటుంది. ముకుందం పక్కింటికి పరిగెత్తాడు. "ఖాలా హరీస్‌లో ఉప్పెక్కువైంది. తప్పు నాదే. మీ ఇంట్లో ఉప్పెయ్యని హరీస్ ఉందా?"

"మేం ఖర్జూరాలతోని కానిస్తంలే. గిన్నె మొత్తం తీస్కపో," అన్నాడు పక్కింటాయన. ఎదురింటివాళ్లు కూడా అంతే. రెండో మాట అడగలేదు.

టూరువాళ్లు గుడ్డలతో గిన్నెలు పట్టుకొచ్చారు. టీచరమ్మ కొంగు బిగించింది. ముకుందం ఒక గిన్నె డేగిసాలో పోయించి, కర్ర తీసుకుని మెదిపాడు, రుచి చూశాడు. "ఇంకా ఉప్పే." ఇంకో గిన్నె పోశారు. మళ్లీ మెదిపాడు, మళ్లీ చూశాడు. నాలిక కాలింది. చొక్కా చెమటకి తడిసి ఒంటికి అతుక్కుపోయింది.

"ఇప్పుడు సరిపోయింది ఖాలా."

"నిజంగనా?" అంది నౌషీన్.

"నిజంగా అక్కా. రెండుసార్లు చూశాను."

డేగిసా మసీదుకి వెళ్లింది. అజాన్ వినిపించింది. ఖాలా ఖర్జూరం కొరికి, ఇంట్లో ఉంచుకున్న హరీస్ ఒక చెంచాడు నోట్లో పెట్టుకుని, కళ్లు మూసుకుంది.

"ఆయన ఉంటే ఇంకో చెంచాడు అడుగుతుండె," అంది మెల్లగా.

ఇక తనని ఈ గడప తొక్కనివ్వరనుకున్నాడు ముకుందం. ఖాలా అతని అరచేతిలో ఒక ఖర్జూరం పెట్టింది.

"రేపు మూడింటికి రా బేటా. ఉప్పు సూడాలె."

ముకుందం తల ఊపాడు. మర్నాడు మూడింటికి, ఫోన్ జేబులోంచి తీయకుండా, చెంచా అందుకున్నాడు.

రుచి చూడకుండా బాగుందనడం మెచ్చుకోవడం కాదు, నమ్మినవాళ్లని మోసం చెయ్యడం. ఒకసారి మోసపోయాక కూడా మళ్లీ నమ్మినవాళ్ల రుణం, నిజం చెప్పడంతోనే తీరుతుంది.

మరి 'ఎలా ఉంది?' అని ఇవాళ మిమ్మల్ని అడిగినవాళ్లకి, మీరు రుచి చూసే చెప్పారా?