కేకలమ్మ తల్లి నోరు తెరిచిన కథ

వంగలవలస దాటి తూర్పుగా మైలు దూరం నడిస్తే శ్రీ కేకలమ్మ తల్లి మెట్ట వస్తుంది. నూట ఎనభై మెట్లు. పైన రాతి చూరు కింద అమ్మవారు కొలువై ఉన్నది. ఎడమ చంకన పసిబిడ్డ, కుడిచేత రాతి చిప్ప. నోరు బార్లా తెరిచి ఉంటుంది. వచ్చిన ప్రతివారూ "అమ్మవారికి అంత కోపమేమిటి?" అని అడుగుతున్నారు. చెప్పి చెప్పి నోరు నొప్పెడుతున్నందున ఇక్కడ రాయడమైనది. దయచేసి చదువుకోగలరు.

పూర్వం ఇక్కడ మనుషులకు మాటలు లేవు. తెలివి మాత్రం ఉన్నది. రాయి చెక్కడం, నిప్పు దాచుకోవడం వచ్చును. ఏది చెప్పాలన్నా చేతులతోనే. దోసిలి పడితే నీళ్లు, వేళ్లు వంచితే పులి. పేర్లు లేని కాలం గనుక ఈ తల్లికీ పేరు లేదు.

ఒక వానాకాలం గుంపంతా ఈ మెట్ట ఎక్కుతున్నది. ఈమె చంకలో పసిబిడ్డ, చేతిలో చిప్పనిండా నిప్పులు. అవి జారితే ఆ వానలో గుంపుకు మళ్లీ నిప్పు దొరకదు. పెనిమిటి మాత్రం రెండు చేతులూ ఊపుకుంటూ ముందు నడుస్తున్నాడు. వెనక్కి తిరిగి చూసింది లేదు. ఇంతలో పక్కన నడిచే నాలుగేళ్ల పెద్దపిల్ల పాకుడు పట్టిన రాతి అంచుకు పరుగెత్తింది. కింద లోయ. తల్లి తల ఊపింది, కాలు నేలకేసి కొట్టింది. పిల్ల ఇటు చూస్తేనా! పొద్దుటినుంచీ పడుతున్న విసుగంతా కడుపులోంచి లేచి, గొంతులో అడ్డం పడి, "ఆగూ!" అని బయటికొచ్చింది. లోకంలో మొదటి మాట అదే.

పిల్ల అంచు మీదనే ఆగిపోయింది. వెనుదిరిగి తల్లి ముఖం చూసింది. దానికీ నోరు పెగిలింది. "ఎందుకు?" అన్నది. అప్పుడు పెనిమిటి తాపీగా వచ్చి "ఏమైంది?" అన్నాడు. ఆ మూడో మాటకు జవాబు చెప్పే ఓపిక లేక తల్లి ఉన్నచోటనే శిల అయినది. నిప్పు ఒక్కటీ జారలేదు.

ఇప్పటికీ మాటలు రాని పిల్లలను ఇక్కడకు తెస్తారు. కన్నతల్లి చంకన నీళ్లబిందె, చేత నిప్పుల మూకుడు పెట్టుకుని, పిల్లను ఎదుట వదిలి కేకలు వేయాలి. ఎన్నిసార్లు చెప్పినా బిందె దించి దండాలే పెడుతున్నారు. పదిమందిలో అరవడానికి సిగ్గుపడి గొణుగుతున్నారు. గొణిగితే అమ్మవారికి వినపడదు తల్లీ.

నిరుడు వైశాఖంలో అసిరితల్లి అనే ఆమె అయిదేళ్ల కూతురు మోక్షితను తెచ్చినది. పుట్టిన్నాటినుంచీ ఆ పిల్లకు ఒక్క మాట లేదు. "మూగదాన్ని కన్నావు" అని అత్తగారు రోజూ దెప్పేదట. రెండు రోజులు బిందె మోసినా ఆమె నోరు విప్పలేదు. మూడోనాడు పిల్ల పళ్లెంలో కుంకం మొత్తం ఒలకబోసింది.

"ఓలమ్మా! కుంకం పారబోసీసినావేటే! సేతులు పడిపోతన్నాయి నాకు, సూడవేటే!" అని తల్లి మెట్టంతా మారుమోగేలా అరిచింది.

మోచేతులదాకా ఎర్రగా ఉన్న పిల్ల ఆమెను తేరిపార చూసి, "నాను కాదు" అన్నది.

పచ్చి అబద్ధం. తల్లి అక్కడే కూలబడి ఏడ్చింది.

ఈ ఏడు ఆమే మళ్లీ వచ్చినది. తెల్లారింది మొదలు పిల్ల నోరు మూయడం లేదట, కాసేపు ఊరుకోబెట్టే మొక్కు ఏదైనా ఉంటే చెప్పమన్నది. భక్తులందరికీ మనవి: అటువంటి మొక్కు ఈ మెట్టమీద లేదు.