పనికిరాని ఎనిమిదో వాల్వు

కొండవాగు సంస్థానంలో పాటల యంత్రం దివాను రంగనాయకులు గదిలో ఉండేది, దాని స్పీకరు మాత్రం జమీందారు కూర్చునే సావిట్లో ఉండేది. ఏటా ఆయుధపూజకు కత్తులు తోమించినట్టే, యంత్రంలో శబ్దాన్ని పెంచే, బల్బుల్లాంటి ఎనిమిది గాజు వాల్వులూ తీయించి కొత్తవి వేయించేవాడు దివాను. ఈసారి మెకానిక్ సైదులు అడ్డు చెప్పాడు.

“ఏడు బాగానే ఉన్నాయి దొరా. ఒక్కటే పాడైంది.”

“ఏడాదైతే అన్నీ పోయినట్టే,” అన్నాడు దివాను.

“నిరూపించు. లేదా సంస్థానం వదిలి పో,” అన్నారు జమీందారు సైదులుతో.

సైదులు దివానుతో కలిసి యంత్రం గదికి వెళ్లి, వాల్వులన్నిటినీ పెన్సిలుతో తట్టి చూశాడు. ఎనిమిదోదాన్ని తట్టగానే సావిట్లో స్పీకరు ఠంగుమంది. సౌండు పూర్తిగా పెంచి, “నేనొచ్చేదాకా యంత్రం దగ్గరే ఉండండి దివాను గారూ,” అని చెప్పి, సావిట్లోకి వచ్చి జమీందారు ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

కాసేపటికి స్పీకరు గరగరమని దివాను గొంతుతో మాట్లాడింది. “బావమరిదీ, ఏడూ మంచివేనట. పోయినేడులాగే పట్నంలో అమ్మేయ్. ఈ ముసలాయనకి కొత్తేదో పాతేదో తెలిసి చస్తుందా?”

విసనకర్ర వీచేవాడి చెయ్యి గాల్లోనే ఆగింది. జమీందారు చేతిలో తాంబూలం ఒళ్లో పడినా ఆయన చూసుకోలేదు.

“వాల్వు మాట్లాడుతుందేమిట్రా?” అన్నారు.

“పాడైన వాల్వు అంతే దొరా. పక్కన ఏ చప్పుడైనా పట్టేసి ఇక్కడ వినిపిస్తుంది. మార్చాల్సింది అప్పుడే గానీ, ఏడాదైందని కాదు.”

“అయితే ఇప్పుడే తీసి పారెయ్.”

“చిత్తం. కొత్త దివాను గారొచ్చి ఏడాది గడవగానే తీసేస్తాను దొరా.”