టెంటులో దూరిన కొండముచ్చు

చెరువు ఒడ్డున, నల్లమద్ది చెట్ల నీడలో టెంట్లు వేసుకునే చోటు ఒకటుంది. చలికాలం వచ్చిందంటే జనం కార్లలో దిగి, ఎర్రవీ నీలివీ టెంట్లు పాతి, పొయ్యిలు రాజేసి, తినేదానికన్నా పారేసేది ఎక్కువగా వండుకుంటారు. అడవికి వచ్చి అడవిని చూసేవాళ్ళు వాళ్ళలో తక్కువే. సరే, వాళ్ళ సంగతి మనకెందుకు? వాళ్ళ పక్కన బతికేవాళ్ళ కథ ఇది.

అక్కడి పెద్ద మద్దిచెట్టు మీద ఓబయ్య అనే కొండముచ్చు ఉండేవాడు. చెట్టు కింద చుక్కమ్మ అనే దుప్పి తన పసిబిడ్డతో మేసేది. ఇద్దరి మధ్యా తాతలనాటి ఒప్పందం ఉంది. ఓబయ్య పైనుంచి చిగుళ్ళు తుంచి పడేస్తాడు, చిరుత కనిపిస్తే అరిచి చెబుతాడు. అతను నీళ్ళకు దిగేముందు గడ్డిలో చిరుత వాసన ఉందో లేదో చుక్కమ్మ పసిగట్టి చెబుతుంది. ఒకరివి కళ్ళు, ఒకరిది ముక్కు. అలా ఇద్దరూ క్షేమంగా ఉండేవాళ్ళు.

చిరుత తిని వదిలిన ఎముకల మీద బతికే నక్క గంటయ్యకు మాత్రం ఈ స్నేహం కంట్లో నలుసైంది. ఒక మధ్యాహ్నం వాడు మెల్లగా చెట్టు కింద చేరాడు.

"ఏం ఓబయ్య బావా, ఇంకా ఆకులేనా? టెంట్లవాళ్ళ బ్రెడ్డు రుచి చూశావా?"

"చూడకేం! నిన్న ఒక ముక్క విసిరారు. నాలుక ఇంకా చప్పరిస్తూనే ఉంది. కానీ కాపలా వదిలి ఎలా రాను? చుక్కమ్మ బిడ్డకు ఇంకా సరిగ్గా పరుగే రాదు."

"ఎవరి నుంచి బావా కాపలా? చిరుత ఇక్కడుంటేగా! ఈ పాటలూ ఈ గోలా పడలేక కొండ దాటి పోయింది. నా కళ్ళారా చూశాను."

"నిజంగానా?"

"నీతో అబద్ధమాడి నేను బావుకునేదేముంది? అదిగో, అందరూ పడవెక్కారు. నీలం టెంటు జిప్పు సగం తీసే ఉంది. ఆపైన నీ ఇష్టం."

ఓబయ్య నోట్లో నీళ్ళూరాయి. జరజరా చెట్టు దిగాడు. చుక్కమ్మ తల ఎత్తింది.

"ఎక్కడికన్నా?"

"ఇక్కడికే, ఇట్టే వచ్చేస్తా. నువ్వు నిశ్చింతగా మెయ్యమ్మా. చిరుత కొండ దాటిపోయింది."

"నువ్వు చూశావా అన్నా?"

టెంట్ల దగ్గర ఆరీ ఆరని పొయ్యి పొగ ఆమె ముక్కుకు ఇంకే వాసనా తెలియనివ్వడం లేదు. అందుకే అడిగింది. 'నేను చూడలేదు, నక్క చెప్పింది' అని ఉంటే ఆ తల్లి బిడ్డను తీసుకుని అవతలికి వెళ్ళిపోయేది. ఆ ముక్క చెప్పడానికి ఓబయ్యకు నామోషీ అయింది.

"చూడకుండా చెబుతానా? చూశాను" అన్నాడు.

చుక్కమ్మ నమ్మి, తల దించి మేత మొదలుపెట్టింది.

ఓబయ్య టెంటులో దూరాడు. బ్రెడ్డు దొరికింది, జామ్ సీసా దొరికింది. చెట్టు మీదుంటే చెరువు అవతలి గట్టు దాకా చూసే ఆ కళ్ళకు, లోపల నీలం గుడ్డ తప్ప మరేమీ కనపడలేదు. ఈలోగా గంటయ్య గడ్డిలో నక్కి ఉన్న చిరుత దగ్గరికి పాకి, "దొరా, చెట్టు ఖాళీ" అన్నాడు.

బయట గడ్డి ఒక్కసారిగా కదిలింది.

"అన్నా! ఎటు నుంచి వస్తోంది? ఎటు పరుగెత్తను?" చుక్కమ్మ కేక.

ఓబయ్య చేతిలో రొట్టె జారిపోయింది. అరిచాడు, కానీ ఎటని చెబుతాడు? తలుపు ఏ వైపుందో కంగారులో దొరకలేదు. గుద్దుకున్న చోటల్లా గుడ్డే. కర్ర విరిగి టెంటంతా మీద కూలింది. చించుకుని బయటపడేసరికి అంతా అయిపోయింది. చిరుత బిడ్డను నోట కరుచుకుని పొదల్లోకి పోతోంది. వెనకే గంటయ్య, మూతి నాక్కుంటూ.

చుక్కమ్మ ఆ పొదల వైపే చూస్తూ నిలబడింది. ఓబయ్య ఆమె ఎదుట కూలబడ్డాడు.

"చెల్లీ, ఆ నక్క మాట నమ్మి మోసపోయాను. చిరుత లేదని వాడే చెప్పాడు..."

"ఎవరు చెప్పారని నేను అడగలేదన్నా. నువ్వు చూశావా అని అడిగాను."

తిట్టినా ఓబయ్యకు కాస్త తేలికగా ఉండేది. చుక్కమ్మ బిడ్డ పడుకున్న గడ్డిని కాసేపు వాసన చూసి, చెరువు అవతలి గట్టు వైపు వెళ్ళిపోయింది. తర్వాత ఆ చెట్టు కిందికి మరే దుప్పీ రాలేదు.

ఓబయ్య ఇప్పటికీ చిగుళ్ళు తుంచి కింద పడేస్తూనే ఉంటాడు. అవి పడినచోటే ఎండిపోతాయి. నీళ్ళకు దిగాలంటే గడ్డిలో ఏముందో చెప్పేవాళ్ళు లేరు. ఎదురుగా చెరువంత నీరు పెట్టుకుని, ఎండిన నోటితో కింది కొమ్మ మీద కూర్చుంటాడు. టెంట్లవాళ్ళు చూసి, "ఎంత బుద్ధిగా కూర్చుందో!" అని ఫోటోలు తీసుకుంటారు.

కాపలా కాసేవాడు చూడనిది చూశానంటే, బలయ్యేది నమ్మినవాళ్ళ బిడ్డలే.