లడ్డూల పెట్టెలో పదకొండు స్లైడ్లు

గుంటూరులోని ఒక క్యాన్సర్ ఆసుపత్రిలో శశాంకమూర్తి అనే డాక్టరు ఉండేవాడు. చదువులో దిట్టే కానీ, తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం. రోగుల కడుపులోంచి కోసి తీసిన గడ్డలను పరీక్షించడం అతని పని. గడ్డ ముక్కను మైనంలో గట్టిపరచి, ఉల్లిపొర కన్నా పల్చగా తరిగి, గాజు పలక మీద పరిచి మందు వేసేవారు. ఫలానా ప్రోటీన్ అందులో ఉంటే ముక్క గోధుమరంగుకు తిరిగేది. ఆ రంగు వచ్చిన గడ్డ కాలేయానికి పాకుతుందనీ, రానిది ఉన్నచోటే ఉంటుందనీ శశాంకమూర్తి సిద్ధాంతం. దాని మీద నాలుగేళ్ళు కష్టపడ్డాడు. డాక్టర్ల సభలో చదవడానికి వ్యాసం కూడా రాసి పెట్టుకున్నాడు.

అతని దగ్గర స్లైడ్లు తయారుచేసేది లూర్దమ్మ. ఇరవై ఏళ్ళ అనుభవం, మాట తక్కువ. అప్పుడప్పుడు ఆమె చేతికి చిక్కు స్లైడొకటి వచ్చేది. గోధుమరంగు ఉండేది కాదు, అయినా కొన్నాళ్ళకు ఆ రోగికి జబ్బు కాలేయానికి పాకేది.

“మందు సరిగా పట్టినట్టు లేదు. పక్కన పడెయ్యండి,” అనేవాడు శశాంకమూర్తి.

“బాగానే పట్టింది సార్. రంగు వస్తుందని మనకు ముందే తెలిసిన ముక్కను కూడా పక్కనే పెట్టాను కదా. దానికి చక్కగా వచ్చింది.”

“అయినా ఇది చెడిపోయిందే.”

లూర్దమ్మ వాదించేది కాదు. ఖాళీ బందరు లడ్డూల పెట్టె ఒకటి తెచ్చి వాటిని అందులో దాచేది. పెట్టె మీద ‘చెడిపోయినవి’ అని శశాంకమూర్తే రాశాడు. రాసేటప్పుడు కాస్త తటపటాయించాడు కానీ, తర్వాత అలవాటైపోయింది. మనకు మనం చెప్పుకునే అబద్ధాన్ని నిలదీసేవాడు ఉండడు మరి.

ఇలా ఉండగా ఆసుపత్రి క్యాంటీన్‌లో దోసెలు వేసే బంగారయ్యకు కడుపులో గడ్డ పడింది. సర్జన్ ఆపరేషన్ చేసి తీసేశాడు. ఆ తర్వాత కీమో ఇవ్వాలా అక్కర్లేదా అన్నది తేలక, శశాంకమూర్తిని అడిగాడు. స్లైడుకు గోధుమరంగు రాలేదు.

“అక్కర్లేదు. ఇది పాకే రకం కాదు,” అన్నాడు శశాంకమూర్తి. వార్డుకు వెళ్ళి బంగారయ్యకూ స్వయంగా ఆ మాటే చెప్పాడు.

బంగారయ్య రెండు చేతులూ జోడించాడు. “చల్లటి మాట చెప్పారు డాక్టరు గారూ. ఆ మందులకి జుట్టు రాలి, ఓపికంతా పోద్దంటగా. నెల తిరిగేసరికి పెనం ముందుంటా చూడండి.”

ఆ సాయంత్రం లూర్దమ్మ లడ్డూల పెట్టె తెచ్చి శశాంకమూర్తి బల్ల మీద పెట్టింది.

“ఇప్పుడివెందుకు?” అన్నాడతను.

“బంగారయ్య స్లైడు కూడా అచ్చం వీటిలాగే ఉంది సార్. అతను బాగుంటే అది మంచి స్లైడు. జబ్బు పాకితే చెడిపోయిన స్లైడు. ఈ పెట్టెలో అతనికీ కాస్త చోటు ఉంచాలా అని అడుగుదామని వచ్చాను.”

శశాంకమూర్తికి ముందు కోపం వచ్చింది. ఆమె వెళ్ళిపోయాక మాత్రం పెట్టె తెరిచాడు. ఒక్కొక్క స్లైడునూ మైక్రోస్కోపు కింద పెట్టి చూశాడు. పదకొండూ శుభ్రంగా ఉన్నాయి. ఈ నాలుగేళ్ళలో గోధుమరంగు రానివాళ్ళు మొత్తం ముప్పై మంది. అందులో పదకొండు మందికి జబ్బు పాకింది. ఆ పదకొండు మందీ ఈ పెట్టెలోనే ఉన్నారు. అంతా తెలిసీ, భయం లేదని ఒక మనిషికి మాటిచ్చాడు.

మర్నాడు పొద్దున్నే సర్జన్‌కు విషయం చెప్పి, అక్కణ్ణించి వార్డుకు వెళ్ళాడు.

“బంగారయ్యా, నిన్న నీకు చెప్పింది తప్పు. నాకు తెలిసే చెప్పాను. కీమో తీసుకోవడమే మంచిది.”

“ఇంకా టైముందా?” అని అడిగాడు బంగారయ్య.

“ఉంది.”

“అయితే కానివ్వండి. నిన్ననే చెప్పుంటే రాత్రి కంటి నిండా నిద్ర పట్టేది కాదు. అందుకు మటుకు మీకో దణ్ణం,” అన్నాడు. ఆ మాట ఎత్తిపొడుపో మెచ్చుకోలో శశాంకమూర్తికి తెలియలేదు. రెండూ తనకు తగినవే అనుకున్నాడు.

సభలో చదవాల్సిన వ్యాసాన్ని వెనక్కి తీసుకున్నాడు. తోటి డాక్టర్లు చాటున నవ్వుకున్నారు. మరుసటి ఏడాది ఆ పదకొండు స్లైడ్లనూ కలిపి మళ్ళీ రాశాడు. ఈ గోధుమరంగు గుర్తు ఒక్కదాన్నే నమ్మి మందు మానకూడదన్నదే అందులోని సారం. పెద్దగా చప్పట్లు పడలేదు.

నాలుగేళ్ళు గడిచాయి. బంగారయ్య క్యాంటీన్‌లో దోసెలు వేస్తూనే ఉన్నాడు. కొత్తగా వచ్చిన డాక్టరొకడు అతన్ని చూపిస్తూ, “మీరు కీమో ఇప్పించబట్టే బతికాడట కదండీ,” అన్నాడు.

“అది తెలియదు. కీమో లేకపోయినా బతికేవాడేమో. ఒక్క మనిషిని చూసి చెప్పకూడదు,” అన్నాడు శశాంకమూర్తి.

పక్క బల్ల దగ్గర కూర్చున్న లూర్దమ్మ ఆ మాట విని, చాలా రోజుల తర్వాత నవ్వింది.

నీతి: మన మాటకు ఎదురు తిరిగిన సాక్ష్యాన్ని చెడిపోయిందని పక్కన పెడితే, చివరికి చెడేది మన మాట నమ్మినవాడి బతుకే.