మాసేను ఆడిన అబద్ధం

ఊ కొట్టండర్రా! మీరు ఊ కొడితేనే నా ఓడ కదులుద్ది.

మీ తాతల తాతలు కూడా పుట్టని కాలం. గోదారి సముద్రంలో కలిసే మొగలో రాజుగారికో యుద్ధపు ఓడ ఉండేది. పేరు కొండపిడుగు. టేకు ఒళ్లు, మూడు తెరచాపలు, రెండు పక్కలా ఫిరంగులు. దాని ముక్కు దగ్గర నిలబడేవాడు మాసేను. ఆడి పనల్లా ఒకటే. సీసపు గుండు కట్టిన తాడు నీళ్లలో వదిలేవాడు. తడిసిన మేర చూసేవాడు. ఎన్ని బారల లోతుందో అరిచేవాడు.

గోదారి మొగంటే ఏమనుకున్నారు? ఇయ్యాల నీళ్లున్న చోట రేపు ఇసక మేట. అందుకే పెద్దోళ్లో మాట పెట్టారు. లోతు తప్పు చెప్పినోడికి గంగమ్మ మళ్లీ ఒడ్డు చూపించదు. మాసేను సరదాకైనా లోతు అబద్ధమాడలేదు.

కొండపిడుగు మొదటిసారి యుద్ధానికెళ్లింది. సముద్రపు దొంగల్ని తరిమొచ్చింది. ఫిరంగులోళ్లకి దండలేశారు. రెండోసారి ఎళ్లింది. శత్రువుల కోట గోడ కూల్చొచ్చింది. తెరచాపలోళ్లకి కొత్త పంచెలు పెట్టారు. మాసేనుకా? ఆ, ఏముంది! "నీ నోరు పడిపోను, మా చెవులు చిల్లులు పడ్డాయిరా" అన్నారు. ఆడు నవ్వేసి, తాడు చుట్టుకుని ఇంటికెళ్లాడు.

మూడోసారి ఎళ్లింది. ఈసారి దెబ్బ తగిలింది. పెద్ద స్తంభం విరిగింది, మందుగుండు అయిపోయింది, రెండు శత్రు ఓడలు వెంటపడ్డాయి. తెల్లారేసరికి మొగ దగ్గరికొచ్చారు. చూస్తే ఏముందీ, మంచు! చాపిన చెయ్యి కనపడదు.

మాసేను తాడు వదిలాడు. చూశాడు. అరిచాడు. "మూడు బారలు!"

వెనకాల శత్రువుల చప్పుడు దగ్గరైంది. మళ్లీ అరిచాడు. ఇంకా దగ్గరైంది. ఓడ నడిపే తండేలు సోమన్న గొంతు తగ్గించి పిలిచాడు.

"ఒరే మాసేనూ, నీ అరుపు పట్టుకునే వచ్చేస్తున్నార్రా! నోరు ముయ్యి!"

"మూస్తే ఇసకెక్కుతాం బాబూ. తెరిస్తే ఆళ్లకి చిక్కుతాం." మాసేను తాడు తెచ్చి సోమన్న చేతిలో పెట్టాడు. "బారకో ముడుంది. చేత్తో తడుముకుంటా, చప్పుడు చెయ్యకుండా ఎడమకి పోండి. చిన్న పడవ నాకియ్యండి. నేను కుడికెళ్లి అరుస్తా."

"కుడిపక్కంతా ఇసక మేటే కదరా!"

"అవును బాబూ."

"మరి లోతుందని... నీ నోటితోనా?" సోమన్న ఆడి చెయ్యి పట్టుకున్నాడు. "గంగమ్మ నీకు ఒడ్డు చూపించదురా!"

"ఓడ నిండా పిల్లలుగలోళ్లున్నారు. ఆళ్లకి చూపిస్తే చాల్లెండి."

భయం లేకేం! అయినా దిగాడు.

మోకాల్లోతు నీళ్లలో పడవ ఆగిపోయింది. తాడు వదల్లేదు. చూడలేదు. అరిచాడంతే.

"మూడు బారలు!" శత్రు ఓడలు ఆ గొంతు వైపు తిరిగాయి.

"నాలుగు బారలు!" కొండపిడుగు కిక్కురుమనకుండా ఎడమకి జారిపోయింది.

"అయిదు బారలు!" ధడేల్మని రెండు ఓడలూ ఇసకెక్కాయి. మోసపోయామని తెలిసి, ఆ గొంతు వైపే ఫిరంగులు పేల్చారు.

ఆ తర్వాత ఆ గొంతు వినపడలేదు.

మంచు విడిచాక ఓడలో వాళ్లంతా ఒడ్డున దిగారు. మాసేను రాలేదు. పడవ ముక్కైనా దొరకలేదు. సోమన్న ఆ తాడు గుండెకి హత్తుకుని, పసిపిల్లాడిలా ఏడ్చాడు. ఆనక మోకాల్లోతు నీళ్లలోకి నడిచెళ్లి, "అయిదు బారలు!" అని అరిచాడు. "తల్లీ, ఈ పాపంలో నాకూ వాటా ఇయ్యి" అన్నాడు.

కొండపిడుగు ఏనాడో చివికి మట్టిలో కలిసిపోయింది. కానీ ఇప్పటికీ ఆ మొగలోకొచ్చే పడవోళ్లు ఇసక మేట పక్కకి రాగానే, అడుగున ఇసక కనపడుతున్నా సరే, "అయిదు బారలు మాసేనూ!" అని ఓ అబద్ధం అరుస్తారు. ఎందుకయ్యా అంటే, "ఒక్కడి మీదే ఉంటే బరువు కదండీ. తలా కాస్త మోస్తే, గంగమ్మ ఏదో ఒకనాటికి ఆణ్ణి ఒడ్డుకి రానిస్తుంది" అంటారు.